నేను నడిపిన డచ్ నాటకం

ఆ రోజుల్లో నాకు 'రాదు' అని చెప్పడం ఒక్కటే రాదు. చదువుకోడానికి కెనడా వచ్చి ఆరు నెలలైనా పార్ట్‌టైమ్ జాబ్ దొరకలేదు. అందుకే ఎటోబికోలో ఓ చిన్న నాటకశాలలో లైట్లు చూసే ఇంజనీరు అంకుల్ (రిటైరయ్యాక ఇంట్లో ఆంటీని విసిగించడం మానేసి అక్కడ వాలంటీరుగా చేరారు) "అమ్మాయ్, నీకు డచ్ వచ్చా?" అని అడిగితే, "మేనేజ్ చేస్తానంకుల్" అనేశాను.

నెదర్లాండ్స్ నుంచి ఒకావిడ వస్తోంది. పదిహేడేళ్లకే పాప్ పాటలతో అక్కడి కుర్రకారుని ఊపేసి, పాటలు పాతబడ్డాక నాటకాల్లోకి మారి, అరవై దాటాక తన కథనే ఒంటరిగా ఆడి చూపిస్తున్న నటి. ఆవిడ డచ్‌లో మాట్లాడుతుంటే, వెనక తెర మీద ఇంగ్లిష్ వాక్యాలు ఒక్కొక్కటీ మార్చడం నా పని. "నా ఇంగ్లిష్ వింటే జనం లేచిపోతారు. ఇక్కడ నా నోరు నువ్వే" అంది రిహార్సల్లో, నా చెయ్యి పట్టుకుని. ఈ ప్రదర్శన బాగుంటే మిగతా ఊళ్లకూ పిలుస్తామన్నారట. నేను ఆవిడ డచ్ మాటలన్నీ తెలుగు లిపిలో నోటుబుక్కులోకి ఎక్కించి, పరీక్షకి చదివినట్టు చదివాను.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. నేనూ అంకులూ హాలు వెనక, పైనున్న లైట్ల గదిలో కూర్చున్నాం. సగం ఇక్కడ స్థిరపడ్డ డచ్ పెద్దలు, సగం ఆ భాష ముక్క రానివాళ్లు. అరగంట సాఫీగా సాగాక, డోనట్ తిన్న చేత్తో పేజీ తిప్పాను. రెండు పేజీలు అతుక్కుని తిరిగాయి. వినపడే మాట పుస్తకంలో కనపడక, కంగారులో టకటకా బటన్ నొక్కుకుంటూ పోయాను.

స్టేజీ మీద ఆవిడ, మొదటి టీవీ పాటలో చెప్పు మడమ విరిగితే ఒంటికాలి మీద గెంతిన సంగతి చెబుతూ గెంతుతోంది. తెర మీద 'మర్నాడు నాన్నని సమాధి చేశాం' అని ఉంది. డచ్ పెద్దలు పగలబడి నవ్వుతుంటే, ఆవిడ దుఃఖంతో గెంతుతోందనుకున్న మిగతావాళ్లు కళ్లొత్తుకుంటూ వాళ్లని ఉరిమి చూస్తున్నారు.

"సమాధి దగ్గర నవ్వుతారేంటమ్మా వీళ్లు?" అన్నారు అంకుల్.

"వాళ్ల ఆచారమేమో అంకుల్." (ఈ మాట ఆయన ఇప్పటికీ ప్రతి విందులోనూ చెబుతారు.)

ఆవిడ గెంతడం ఆపి, వెనక్కి తిరిగి తెర చదివింది. నేను బల్ల కింద చోటు వెతుక్కుంటున్నాను. ఆవిడ ముందుకొచ్చి, తడుముకుంటూ ఇంగ్లిష్‌లో అంది: "మా నాన్న ఇంకా బతికే ఉన్నారు. పైనున్న అమ్మాయి తొందరపడింది. ఆయన్ని ఇంకో పది నిమిషాలు ఉండనిద్దాం."

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు విని ఆవిడ ముఖం వెలిగిపోయింది. తెర ఆపెయ్యమని నాకు చెయ్యూపి, మిగతా కథంతా తనకొచ్చిన ఇంగ్లిష్‌లోనే చెప్పింది. మాట దొరక్కపోతే డచ్‌లో అడిగేది. ముందు వరసలో ముసలాయన అందించేవాడు. నిజంగా నాన్న పోయిన ఘట్టం వచ్చాక రెండు రకాల జనమూ కలిసే ఏడ్చారు. చివర్న అందరూ లేచి నిలబడి, ఆవిడ తొలి పాట రెండుసార్లు పాడించుకున్నారు.

కిందికి దిగొచ్చి క్షమించమని అడగబోతే, "నలభై ఏళ్లలో ఇంగ్లిష్‌లో నవ్వించడం ఇదే మొదటిసారి. ఇకమీద తెర వద్దు" అని నన్ను స్టేజీ మీదకి లాక్కెళ్లింది. (అలా నా ఉద్యోగం కూడా పోయింది.) ఆ ఏడాది ఆవిడ కెనడా అంతటా ఇంగ్లిష్‌లోనే ఆడింది.

అప్పుడు తీసిన ఫోటో మా ఇంట్లో ఉంది. ఆవిడ పక్కన ఓ బక్కపిల్ల, ఆ చప్పట్లలో సగం తనవేనన్న ధీమాతో, రెండు చేతులూ జోడించి అన్ని వైపులకీ దణ్ణాలు పెడుతోంది. అవి తనవి కావని ఎవరైనా చెప్పాలి గానీ, ఆ పిల్ల ముఖం చూస్తే నాకు ఇప్పటికీ నోరు రాదు.