మామ్మగారి వేల్స్ గుర్రాలు

మొన్న శుక్రవారం, ఖోర్ ఫక్కాన్‌లో ఇప్పుడు నేను పని చేస్తున్న డాక్టరమ్మగారింట్లో, వాళ్ల అయిదేళ్ల చిన్నపాప తన పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన బొమ్మగుర్రాన్ని తెచ్చి నా ఒళ్లో పడేసి, దానికి జడ వెయ్యమని మారాం చేసింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, నా ధ్యాస దాని మీదే ఉంది. చూడకుండానే చేతులకి తోచినట్టు అల్లి ఇచ్చేస్తే ఆ పిల్ల మొహం చిట్లించి, జూలంతా వదిలేసి చెవి వెనక ఒక్క సన్నజడే వేశావేమిటని నిలదీసింది. అప్పుడు చూసుకున్నాను. నిజమే, ఒక్కటే సన్నజడ, ఎలకతోకంత. వేల్స్ జాతి గుర్రాన్ని ప్రదర్శనకి తీసుకెళ్లేటప్పుడు అంతే వెయ్యాలి, జూలు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. మనసు వద్దనుకున్నవాటిని చేతులు ఇలా దాచిపెట్టుకుంటాయని నా ఈడువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

కరోనా వచ్చిన ఏడాది, దాని పేరు ఇంకా టీవీల్లో మాత్రమే వినపడుతున్న రోజుల్లో, నేను ఫుజైరా చేరాను. మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లె. మా వైపు ఆడవాళ్లు గల్ఫుకి వెళ్లడం కొత్తేమీ కాదు. మస్కట్ అయినా కువైట్ అయినా మా ఊళ్లో అన్నీ దుబాయే. నా తోటివాళ్లు వెళ్లొచ్చి డాబాలు కట్టుకున్న ఎన్నాళ్లకో, మా ఆయన పోయిన మూడో ఏట, నలభై ఎనిమిదేళ్ల వయసులో బయల్దేరిన ఆలస్యపు మనిషిని నేను. చేరిన ఇల్లు ఊరికి దూరంగా, కొండల కింద, ఖర్జూరపు చెట్ల మధ్య ఉండేది. ఇంటాయన ఓడలకి చమురు నింపే కంపెనీలో పెద్ద ముదీర్, అంటే మేనేజరు. నా వీసాకి పూచీ పడిన కఫీల్ కూడా ఆయనే. ఆయన భార్యని చిన్న మేడమ్ అనేదాన్ని. వాళ్లకి పదహారేళ్ల కూతురు. చిన్న మేడమ్ తల్లి మోకాలికి ఆపరేషన్ అయ్యి కర్ర పట్టుకుని నడిచే డెబ్బయ్యేళ్ల ఆవిడ. నన్ను రప్పించింది ఆవిడ కోసమే. మీది ఇంగ్లండా అని అడిగితే మొదటి రోజే కర్ర నేలకేసి కొట్టి, ఇంగ్లండు కాదు, వేల్స్, అని సరిదిద్దింది. మనవరాలు ఆవిడని వాళ్ల భాషలో మామ్గీ అని పిలిచేది. నా చెవికి అది అచ్చం మామ్మగారు అన్నట్టే వినపడేది, అంచేత నేనూ మామ్మగారూ అనే పిలిచాను. ఆవిడ పలికింది కూడా.

ఆ ఇంటి వెనక ఆరు గుర్రాలుండేవి. మన జట్కా గుర్రాలకంటే పొట్టివి, బొద్దువి, కళ్లు పెద్దవి. మామ్మగారి తాతగారు వాళ్ల కొండల మీద ఇలాంటి పొట్టి గుర్రాల్నీ, కాబ్ అనే కొంచెం బలిష్ఠమైన జాతినీ పెంచేవారట. ఆ కాబ్ గుర్రం వారమంతా ఊళ్లో పాలబండి లాగి, శనివారం ప్రదర్శనలో నిలబెడితే బహుమతి పట్టుకొచ్చేదట. ఆయన తర్వాత మామ్మగారి తల్లి, ఆవిడ తర్వాత మామ్మగారు. చిన్న మేడమ్‌కి గుర్రాలంటే తుమ్ములు. ఒక తరం తప్పి మనవరాలికి అబ్బింది. కూతురు ఇక్కడ స్థిరపడ్డాక మామ్మగారు తన గుర్రాల్ని విమానంలో తెప్పించుకుంది. పుట్టిన ప్రతి పిల్లకీ తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాళ్ల తల్లిదండ్రులెవరు అని అయిదు తరాలు వెనక్కి రాసి పెట్టిన పుస్తకం ఆవిడ మంచం పక్కనే ఉండేది. సంబంధం కుదిర్చేటప్పుడు ఏడు తరాలు తవ్వే మన పెద్దలు కూడా ఆవిడ ముందు దిగదుడుపే.

గుర్రాల్ని చూసుకునే రాజస్థానీ ఆయన చెల్లెలి పెళ్లికని వెళ్లి, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయాడు. దాంతో ఆ పని నా మీద పడింది. గేదెల్ని తోమిన చెయ్యే అయినా గుర్రం దగ్గరికి మొదట్లో బకెట్టు అడ్డం పెట్టుకునే వెళ్లేదాన్ని. మామ్మగారు కుర్చీ వేయించుకుని కూర్చుని కర్రతో చూపిస్తూ చెప్పేది: గిట్టలో రాళ్లు ఎలా తియ్యాలి, పళ్లు చూసి వయసెలా చెప్పాలి, ఎటువైపునుంచి దగ్గరికెళ్లాలి. నేను ఊళ్లో అయిదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడే నేర్పింది, పలకా పుస్తకం లేకుండా, దాణా బస్తాల మీదా మందు సీసాల మీదా గుర్రపుశాల తలుపుల మీద రాసున్న పేర్ల మీదా వేలు పెట్టి చదివించి. నెల తిరిగేసరికి ఆరు తలుపుల పేర్లూ తడుముకోకుండా చదివాను. ఆ రోజు ఆవిడ నా వీపు తట్టిన తీరు మా అమ్మ కూడా తట్టలేదు.

ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలు చేసి పడుకున్న వేళ, నేను బట్టలు ఆరేస్తుంటే పక్క పొలం అరబ్బాయన మగగుర్రం ఒకటి కంచె దూకి మా తెల్లగుర్రం దగ్గరికి వచ్చింది. చీపురు పట్టుకుని పరిగెత్తాను కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. అదిలిస్తే ఎలా వచ్చిందో అలాగే దూకి వెళ్లిపోయింది. వెంటనే వెళ్లి మామ్మగారితో చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. ఇంకెవరు చూశారు అని అడిగింది. నేనొక్కదాన్నే అన్నాను. అయితే ఇది మనిద్దరి మధ్యే ఉండనీ అంది. మూడో రోజున తన ఇంటి మగగుర్రాన్ని కూడా ఆ తెల్లగుర్రం దగ్గరికి వదిలించింది. ఎందుకో నాకప్పుడు తెలియలేదు. అనుమానం అనుమానంగానే మిగిలిపోవాలని అయ్యుంటుంది.

మరుసటి ఏడు మార్చిలో, తెల్లవారుతుండగా, ఆడపిల్ల పుట్టింది. ఆ జాతిలో తెల్లవి కూడా పుట్టినప్పుడు నల్లగానే ఉంటాయి. తల్లికి పాలు పడక మొదటి వారమంతా నేనే సీసాతో పట్టాను. కాగితాల్లో దానికి నాలుక తిరగని వేల్స్ పేరు పెట్టారు గానీ నాకది మల్లి. నాలుగో రోజున ఎండలోకి వదిలితే తోకని జెండాలా పైకెత్తి పరుగు తీసింది. మామ్మగారు దాని నుదుటి పల్లాన్నీ ఆ తోకనీ చాలాసేపు చూసి, మా తాతగారి దగ్గర ఒకటి అచ్చం ఇలాగే ఉండేది, అంది. నేను అవునన్నాను. నాకేం తెలుసని అవునన్నాను?

పిల్లకి జాతి కాగితం రావాలంటే జూలులోంచి వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి కవరులో పెట్టి పంపాలి. వాటిని పరీక్షించి తల్లీ తండ్రీ ఎవరో తేలుస్తారు. మామ్మగారు నా చేతికి కవరిచ్చింది, దాని మీద మల్లి పేరుంది. కానీ పీకించింది మాత్రం మల్లి అక్క జూలులోంచి. అదే తల్లికి, ఇంటి మగగుర్రానికే పుట్టిన మూడేళ్ల పిల్ల అది. ఇది మల్లి కాదు కదండీ అన్నాను. నాకు తెలుసు, పెట్టు, అంది. పెట్టాను. అందులో ఏదో తిరకాసు ఉందని నాకు తోచలేదని ఇప్పుడు చెప్తే అది అబద్ధం. ఆ తప్పులో నాకూ పాలుంది. అయితే ఆ పాలు నాకు పంచింది ఎవరో కూడా చెప్పాలి కదా.

రెండేళ్లు గడిచాయి. మల్లి తెల్లబడింది. అబూధాబీలో జరిగిన ప్రదర్శనకి దాన్ని నేనే తయారుచేశాను. కాళ్లకి సుద్దపొడి అద్ది, మూతికి నూనె రాసి, చెవి వెనక సన్నజడ అల్లాను. పంతొమ్మిదేళ్ల మనవరాలు దాన్ని పట్టుకుని మైదానంలో పరిగెడుతుంటే నేను తాడు అవతల బకెట్టూ స్పాంజీ పట్టుకుని నిలబడ్డాను. మల్లి అన్నిట్లోకీ మొదటిది వచ్చింది. మామ్మగారు ఏడ్చేసింది, బహుమతి రిబ్బను తెచ్చి నా చేతిలో పెట్టి, ఇది నీది కూడా అంది. ఆ సాయంత్రం కారులో వస్తూ నా బతుకులో ఇంత గౌరవం ఎప్పుడైనా దక్కిందా అని వెనక్కి లెక్కపెట్టుకున్నాను.

సంతోషం నెలరోజులే. ఆ జాతినే పెంచే ఒక తెల్లాయన, ఆ తలా ఆ తోకా అరబ్బు గుర్రానివని, జాతి కాగితాలిచ్చే సంఘానికి ఫిర్యాదు చేశాడు. ముగ్గురు వచ్చి తమ చేతులతోనే వెంట్రుకలు పీక్కుని వెళ్లారు. ఫలితం పట్టుకుని, ఫిర్యాదు చేసినాయన్ని కూడా వెంటబెట్టుకుని వాళ్లు మళ్లీ వచ్చిన రోజు పొద్దున్నే మామ్మగారు వంటింట్లోకి వచ్చింది, ఎప్పుడూ రానిది. నా చెయ్యి పట్టుకుని, నువ్వేమీ మాట్లాడకు, అంతా నేను చూసుకుంటాను, నువ్వు మా ఇంటి మనిషివి, అంది. నేను నమ్మాను. నమ్మడం కాదు, నిశ్చింతగా టీ పెట్టుకుని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను.

కప్పులు పెట్టి వెనక్కి తిరగబోతుంటే నన్ను ఉండమంది. అందరూ చూస్తుండగా, నెమ్మదిగా, చక్కటి ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. ఆ రోజుల్లో తన మోకాలు బాగాలేదట. గుర్రాలన్నీ నా చేతిలోనే ఉన్నాయట. పక్క పొలం గుర్రం వచ్చిన సంగతి నేను భయపడి దాచేశానట.

"వెంట్రుకలు పీకింది కూడా ఈవిడే. మంచి మనిషి, అమాయకురాలు. కానీ చదువు లేదు. తలుపు మీద పేరు చదవలేక వేరే గుర్రానివి పీకేసింది."

ఫిర్యాదు చేసినాయన నా వైపు తిరిగాడు. "నీకు చదవడం రాదా?"

నేను మామ్మగారి వైపు చూశాను. ఆవిడ తన టీకప్పులోకి చూస్తోంది. మనవరాలి వైపు చూశాను. నేను ఆ తలుపుల ముందు నిలబడి పేర్లు చదువుతుంటే చప్పట్లు కొట్టిన పిల్ల అది. ఫోనులోంచి తలెత్తలేదు. నా వీసా, ఊళ్లో సగం లేచిన మా ఇంటి గోడలు, పొద్దున ఆవిడ పట్టుకున్న చెయ్యి, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"నో సార్," అన్నాను. ఆ రెండు మాటలూ ఆవిడ నేర్పిన ఇంగ్లీషే.

మల్లి కాగితం రద్దయింది, బహుమతి వెనక్కి ఇచ్చేశారు. పనిమనిషి పొరపాటు కాబట్టి మిగతా గుర్రాలకీ మామ్మగారి పేరుకీ ఏమీ కాలేదు. అయితే సంఘం వాళ్లకి ఏదో ఒక చర్య తీసుకున్నట్టు కనపడాలి కదా అని, వారం తిరక్కుండానే చిన్న మేడమ్ చాలా మర్యాదగా నన్ను వేరే ఇల్లు చూసుకోమంది. ఆవిడకి నిజం తెలుసో లేదో నాకీనాటికీ తెలియదు. బయల్దేరే ముందు గుర్రపుశాలకి వెళ్లాను. మల్లి గది ఖాళీగా ఉంది. నేను ఊళ్లోకి సరుకులకి వెళ్లినప్పుడు దాన్ని ఎవరో పిల్లలకి స్వారీ నేర్పేవాళ్లకి ఇచ్చేశారట. మామ్మగారు పక్క గదిలో మల్లి అక్కకి బ్రష్షు చేస్తోంది.

"నాకు చదవడం నేర్పింది మీరే కదా, మామ్మగారూ?" అని అడిగాను.

ఆవిడ చెయ్యి ఆగింది కానీ తిరిగి చూడలేదు. "నీకు ఇంకో ఇల్లు దొరుకుతుంది," అంది. "నాకు ఇంకో పేరు దొరకదు."

దాణా బస్తాలు తెచ్చే రాయచోటి సాయిబుల కుర్రాడు తన బండిలోనే నన్ను ఖోర్ ఫక్కాన్ తీసుకొచ్చాడు, ఈ డాక్టరమ్మ ఇల్లు చూపించిందీ అతనే. కొండల మధ్య దారంతా నేను ఏడుస్తుంటే, "ఖలాస్ అనుకో అక్కా. నువ్వు ఏడ్చినావంటే వాళ్లకేం పోతాది? ఎవరన్నా అడిగితే నిజం చెప్పు, నేనుండాను గదా," అన్నాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పోయిన ఏడాది మనవరాలు ఫోను చేసింది. మామ్మగారికి మతిమరుపు ముదిరిందట, నేనింకా వంటింట్లోనే ఉన్నాననుకుని పిలుస్తోందట, శుక్రవారాలు వచ్చి కాసేపు కూర్చోగలవా అని అడిగింది. ఆ రోజు సంగతి ఆవిడకి గుర్తుందా అన్నాను. అది అందరం మర్చిపోతే బాగుంటుంది కదా, అంది. నేను వెళ్లలేదు. ఆవిడకి మరుపు వచ్చింది. నాకు రాలేదు.

కోపం కూడా ఇప్పుడు అప్పటంత లేదు. అప్పుడప్పుడూ కూర్చుని ఆలోచిస్తుంటాను, ఆ మనిషి ఎప్పుడు మారింది అని. లోకమంతా తలుపులు మూసుకున్న ఆ నెలల్లో అయిదుగురం ఒకే బల్ల దగ్గర తిన్నాం. ఆవిడ నా పులిహోరలో మిరపకాయలు ఏరి మనవరాలి కంచంలో వేసేది, ముదీర్ గారు లేచి నాకు మంచినీళ్లు పోసేవారు. తర్వాత విమానాలు ఎగిరాయి, చుట్టాలొచ్చారు, గుర్రాల వాళ్లొచ్చారు, బల్ల చుట్టూ కుర్చీలు చాలలేదు. నా కంచం వంటింట్లోకి ఏ రోజు వెళ్లిందో ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాదు. ఎవరూ వెళ్లమనలేదు. నేనే పట్టుకెళ్లాను.