ఆయన నోట్లో వేరే గొంతు

“తలుపు దగ్గరికేసుకో, కుక్క జొర్రుతది,” అన్నాడు మా ఆయన.

“ఏస్కుంట గని, నువ్వు ఎండల తిరగకు,” అన్నాను.

మా ఇద్దరి ఆఖరు మాటలు ఇవే. కూరగాయలకని శంషాబాద్ సంతకు పోయి, బస్టాపు దగ్గర కూలబడ్డాడు. నేను దవాఖానకు చేరేసరికి ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది.

ఈ మాటలు నాకు మాటలుగానే గుర్తున్నాయి, గొంతుగా గుర్తులేవు. ఆ గొంతును ఒక సినిమా తీసుకుపోయింది.

ఆయన ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పని చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత సినిమావాళ్ళు మా గల్లీలో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని సినిమా తీశారు. రిటైరైన మొగుడూ పెళ్ళాల కథ. వాళ్ళు అలగడం, కలిసి వంట నేర్చుకోవడం; చూసినవాళ్ళు సంతోషంగా ఇంటికి పోయే రకం. కాలనీలో అన్ని రకాలవాళ్ళూ కనిపించాలట. గడ్డమున్న ముస్లిం పక్కింటాయన వేషానికి ఆయన్ను అడిగారు. “మనోళ్లను గుడ మంచిగ చూపిస్తరట,” అని మురిసిపోయి గడ్డానికి మెహందీ పెట్టుకున్నాడు.

చెప్పాల్సింది ఒక్క ముక్క. పక్కింటామెను అడగాలి: “అమ్మా, సారు ఇంటికొచ్చిండా? పానం మంచిగున్నదా?” అరుగు మీద కూర్చుని నా మీదే నేర్చుకున్నాడు. ఏం మంచిగ, నీ పోరు పడలేక చస్తున్నానని నేను తిట్టేదాన్ని. షూటింగులో అట్లాగే అన్నాడు, బాగుందన్నారు. గొంతు మళ్ళీ డబ్బింగులో చెప్పిస్తామన్నారు. ఆ పిలుపు రాకముందే పోయాడు.

సినిమా వచ్చేనాటికి నేను ఇద్దత్‌లో ఉన్నాను. మొగుడు పోయిన మనిషి ఆ నెలలు గడప దాటదు. కానీ ఆయన కదులుతుంటే ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంది. చెల్లెలి బిడ్డ తన ఫోనులో చూపించింది.

గడ్డం ఆయనదే. తల ఒక పక్కకు వంచడం ఆయనదే. నోరు తెరిచాడు.

“అరే అమ్మా, నీకీ మొగుడ్కీ పానం బాగుందా? మాకీ బిర్యానీ ఎప్పుడు పెడ్తావ్?”

ఎవడిదో గొంతు, ముక్కుతో మాట్లాడినట్టు. వెనక నవ్వించే సంగీతం. మా ఇంట్లో నమాజు ఒక్కటే అరబీ. కొట్లాడినా నవ్వుకున్నా తెలుగే.

“బిడ్డా, ఆపు. గీ మాట్లాడుతున్నది ఎవలు?” అన్నాను.

ఆపింది. కానీ గల్లీలో పిల్లలు ఆ ముక్కే అరుస్తూ పోతారు. పాలు పోసే ఆమె కూడా మెచ్చుకోలుగా ఆ ముక్కే అని నవ్వుతుంది. ఇంటి మీదుగా విమానం పోయాక కాసేపు ఏమీ వినబడదు కదా, ఆ సందులో ఆయన వెనకనుంచి పిలుస్తాడు, ఆ ముక్కు గొంతుతో. నేను తిరిగి చూడను. మొన్న మా పెళ్ళినాటి మాట ఒకటి తలుచుకున్నాను. అదీ ఆ గొంతుతోనే వచ్చింది. మాది బటన్ల ఫోను, ఆయన గొంతు అందులో లేదు. ఒక్కొక్క మాటా ఆ ముక్కు గొంతులోకి పోతోంది, ఆపడం నాకు తెలియడం లేదు.

మిగిలినవి పోకముందే కాగితం మీద పెట్టిస్తున్నాను. ఈ పిల్ల చదువుకున్నది, నా మాటను పుస్తకాల మాటగా దిద్దుతోందని తెలుసు. నాది ఎట్లా దిద్దినా సరే, ఆయనది ముట్టుకోవద్దన్నాను.

ఇగ కలం పక్కకు పెట్టు, బిడ్డా. ఆయన అన్నవి చదువు. ఆయన లెక్క అనబోకు, నీ గొంతుతోనే చదువు.