నిలబడి తీయించుకున్న ఎక్స్‌రే

చింతామణిలో మా కిరాణా అంగడికి యజమాని అంటే పరుపు మీద మఠం వేసుకుని కూర్చునే మనిషి. వాకిట్లో ఒక కుర్చీ ఉంటుంది. అది అప్పుడప్పుడూ వచ్చే పెద్దమనుషులకు, వ్యాపారం నుంచి శాశ్వతంగా పక్కకు జరిగిన మా ఇంటి మగవాళ్ళకు. మా నాయన కడపటి ఏళ్ళు అందులోనే గడిచాయి. అక్కడినుంచి ఆయన ధరలు చెబుతూనే ఉండేవాడు, ఎవరూ వినేవాళ్ళు కాదు.

అందుకే కుడి మోకాలు మొరాయించినా నేను బయటపడలేదు. గల్లాపెట్టె పట్టుకుని లేస్తూ నెట్టుకొచ్చాను. నా భార్య కనిపెట్టేసింది.

"గల్లాపెట్టె మీద మీకు ప్రేమని తెలుసు గానీ, ఇట్ల వాటేసుకునేది ఈ మధ్యనేనండీ," అని చిక్కబళ్ళాపురం బస్సెక్కించింది.

అక్కడి ఆసుపత్రిలో డాక్టరు కాలు అటూ ఇటూ వంచి చూసి, నిలబెట్టి ఎక్స్‌రే తీయమన్నాడు. తుంటి నుంచి చీలమండ దాకా కాలంతా పడాలట. పైనుంచి కిందికి గీత గీస్తే అది మోకాలి మధ్యలోంచి పోవాలి. పక్కకు పోతే ఆపరేషను మాట వస్తుంది. ఆపరేషనైతే నేల మీద కూర్చునేది ఉండదు. అంటే నాకు కుర్చీ ఖాయం.

చింతపండు గంపలో మంచి గుజ్జు పైన పరచడాన్ని మా వీధిలో మోసం అనరు, సర్దడం అంటారు. నేనూ నా కాలిని సర్దుకున్నాను. బరువంతా ఎడమకాలి మీద వేసి, వంకర కనబడకుండా కుడి పాదాన్ని కాస్త తిప్పి, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా ఊపిరి బిగబట్టాను.

ఎక్స్‌రే తీసే అమ్మాయి తెర చూసి లేచి వచ్చింది. "అప్పా, కుడికాలు ఊరికే ఆనిచ్చినావు. మోకాలి చిప్ప చూడు, యాడో చూస్తాండాది. రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడాల."

"ఇంత బాగా వచ్చినాక మళ్ళీ ఎందుకమ్మా? దీన్నే ఖాయం చేసుకో."

తలుపు అవతలనుంచి నా భార్య గొంతు. "ఖాయం చేసుకునేదానికి అదేమన్నా సంబంధమా? కాలు మోపండి!"

మోపాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తరువాత పక్కకు పడుకోబెట్టి, ఎంత వంగితే అంత వంచమంది. చీలమండ పట్టి లాగాను.

"చెయ్యి తీయప్పా. చూసేది నీ మోకాలిని, నీ చేతిబలాన్ని కాదు."

డాక్టరు తెర మీద గీత గీశాడు. అది మోకాలి మధ్యను వదిలేసి లోపలివైపు జారిపోయింది. ఆ వైపు రెండు ఎముకలకూ నడుమ సందే లేదు. ఇంకో బొమ్మ మీద వంపు కొలిచాడు. నాకు నోరు ఊరుకోలేదు.

"సార్, ఇంకో అయిదు డిగ్రీలు వేసుకోండి. ఇంట్లో ఇంతకన్నా బాగా వంగుతాది."

"ఇక్కడ ఎందుకు వంగలేదు యజమానీ?"

"బస్సులో వచ్చినాం గదా, బిగుసుకున్యాది."

నవ్వాడు గానీ ఒక్క డిగ్రీ కూడా పెంచలేదు.

"ఆపరేషను వద్దంటే కింద కూర్చోవచ్చునా?" అని చివరి అస్త్రం వేశాను.

"చేయించుకున్నా, చేయించుకోకపోయినా, కింద కూర్చునేది నేటితో ఆఖరు."

తిరుగుబస్సులో ఆ పెద్ద కవరు ఎలా పెట్టుకున్నా పక్కవాళ్ళకు పొడుచుకునేది. ఆగిన ప్రతి చోటా దిగి వెనక్కి పోయి ఇంకొక్క మాట అడగాలనిపించింది. ఏం అడగాలో మాత్రం తోచలేదు.

మర్నాడు పొద్దున పరుపు మీద నా భార్య మఠం వేసుకుని కూర్చుంది. నా కుర్చీ ఎక్కడ వేయాలో బేరం పెట్టాను. తక్కెడ పక్కన వేయమన్నాను. గిరాకీకి అడ్డమంది. కడకు గడప దగ్గర తెగింది, కుర్చీ కాళ్ళు రెండు లోపల, రెండు బయట.

గూళూరు నుంచి ఎప్పుడూ వచ్చే రైతు ఒకాయన వచ్చాడు. "బాగుండావా అప్పా?" అని నన్ను పలకరించి, నా జవాబు వినకుండానే లోపలికి తిరిగాడు.

"అమ్మా, చింతపండు ఎట్లిస్తావు?"

నేనొక ధర చెప్పాను. ఆమె ఇంకొకటి చెప్పింది, నాకన్నా ఎక్కువే. ఆయన కాసేపు గొణిగి, ఆమె ధరకే సంచీ పట్టాడు.

వాళ్ళు తూకంలో ఉండగా, కుర్చీని జానెడు లోపలికి జరుపుకున్నాను.