నాగదుర్గ చదవని పేరా

వీరవేణికి చదువు సులువుగా అబ్బలేదు. ఇంటర్ చదివిన హాస్టల్ కాలేజీలో పరీక్ష పరీక్షకీ మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేవారు. ఒకసారి అందరి ముందూ ఆమె పేరు పిలిచి వెనక సెక్షన్‌కి పంపించారు. పుస్తకాలు గుండెలకి హత్తుకుని ఆ వరండాలో నడిచిన నడక ఆమె మర్చిపోలేదు. అందుకే రాజమండ్రిలో డిగ్రీలో చేరాక, ఒక వర్క్‌షాపులో ఎవరో వచ్చి గ్రోత్ మైండ్‌సెట్ గురించి చెబుతూ, తెలివి అనేది పుట్టినప్పుడు కొలిచి పెట్టేది కాదనీ, సాధన చేసిన కొద్దీ పెరుగుతుందనీ అన్నప్పుడు ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. ఈ మాట అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే!

రెండో సంవత్సరంలో ప్రాజెక్టు కోసం ఊళ్ళో ఏదైనా సేవ చేయాలన్నారు. వీరవేణి తమ ధవళేశ్వరంలోనే, రేవు పక్క బడిలో సాయంత్రాలు ఐదో తరగతి పిల్లలకి చదువు చెబుతానంది.

అక్కడ దొరికింది నాగదుర్గ. వాళ్ళ నాన్న గోదావరిలో చేపలు పడతాడు, వాళ్ళమ్మ పేరు పాపాయి, ఆ చేపల్ని గంపలో పెట్టుకుని అమ్ముతుంది. పుస్తకం ఇస్తే పిల్ల దాన్ని మొహానికి అడ్డం పెట్టుకునేది.

"నాకు రాదక్కా."

"రాదు అనకూడదు. ఇంకా రాలేదు అనాలి. ఏదీ, అను."

"ఇంకా రాలేదు," అని నాగదుర్గ నవ్వింది. పిల్లలందరికీ అదొక ఆటయిపోయింది. లెక్క తప్పినా, బంతి జారిపోయినా "ఇంకా రాలేదక్కా!" అని అరిచేవారు.

నాగదుర్గకి ఒత్తుల దగ్గర నాలుక తిరిగేది కాదు. ఒకరోజు వీరవేణికి ఒక ఆలోచన వచ్చింది. కొర్రమీను, బొచ్చె, పండుగప్ప, మట్టగిడస. ఆ పిల్ల నోట పుట్టినప్పట్నించీ నలిగిన చేపల పేర్లే, అన్నింటిలోనూ ఒత్తులే. వాటన్నిటినీ కలిపి, నాన్న పడవ గురించి ఒక పేరా రాసిచ్చింది. నాగదుర్గ ఆ కాగితం చూసి, "ఇవి పుస్తకాల్లో కూడా ఉంటాయా?" అంది. ఆ రోజు నుంచి దాన్ని వదల్లేదు. ఆగుతూ, తడుముకుంటూ, మళ్ళీ మొదటికొస్తూ చదివేది. కాలేజీవాళ్ళు చూడ్డానికొచ్చే రోజున నీచేతే చదివిస్తాను అని వీరవేణి మాటిచ్చింది.

ఆ రోజు రానే వచ్చింది. నాగదుర్గ నూనె రాసి బిగించి జడలు వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. పాపాయి గంప గోడవారగా దించి, కిటికీ దగ్గర నిలబడింది. కాలేజీ నుంచి సత్యవాణి మేడమ్, మార్కులు వేయడానికి మరొక పెద్దాయన వచ్చారు. ఇంకా రెండు ఊళ్ళు చూడాలి, తొందరగా కానియ్యమ్మా అన్నారాయన, వాచీ చూసుకుంటూ.

నాగదుర్గ కాగితం పట్టుకుని లేచింది. "మా... నాన్న... పడవ..." అంటూ మొదలుపెట్టి కొర్రమీను దగ్గర ఆగిపోయింది. ఆయన మళ్ళీ వాచీ చూశాడు. వీరవేణికి ముళ్ళ మీద నిలబడ్డట్టుంది. ఆపమని ఎవరూ అనలేదు. ఒక్క క్షణం ఓపిక పడితే ఆ పిల్ల దాటేసేదే.

"నువ్వు కూర్చోమ్మా. భాస్కర్, నువ్వు చదువు," అంది వీరవేణి.

క్లాసులో చురుకైన ఉదయభాస్కర్ ఆ కాగితం తీసుకుని గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. నాగదుర్గ కూడా కొట్టింది. వీరవేణి కిటికీ వైపు చూసేసరికి అక్కడ పాపాయి లేదు.

అందరూ వెళ్ళాక, "ఏమీ అనుకోకమ్మా," అంది వీరవేణి.

"పర్లేదక్కా. నాకింకా రాలేదుగా," అంది నాగదుర్గ మామూలుగా.

ధైర్యం చెప్పడానికి తను నేర్పిన మాట, ఆ పిల్ల నోట తీర్పులా వినిపించింది. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అలా ఉంది తన బతుకు అనుకుంది వీరవేణి. తనని వెనక సెక్షన్‌కి పంపినవాళ్ళ మీద ఇన్నేళ్ళూ కోపం పెట్టుకుంది. వాళ్ళు ఎలాంటి మనుషులో అనుకునేది. ఇలాంటి మనుషులే కాబోలు.

ప్రాజెక్టుకి మంచి మార్కులొచ్చాయి. నాగదుర్గ బడి మానలేదు, అలగలేదు. కాకపోతే అందరూ కలిసి చదివేటప్పుడు పెదవులు మాత్రమే కదిపేది.

వీరవేణి ఉండబట్టలేక ఒక ఆదివారం రేవు దగ్గరున్న వాళ్ళింటికి వెళ్ళింది. పాపాయి గుమ్మం ముందు చేపలు తోముతోంది. ఆమె తిడుతుందేమో అనుకుంది. తిడితే బాగుండుననీ అనుకుంది.

"మీరేం తప్పు చేశారండీ? పెద్దోళ్ళొత్తే బాగా చదివేవోళ్ళనే కదా నిలబెడతారు," అంది పాపాయి తలెత్తకుండా.

"కాదండి. చదివే హక్కు మీ అమ్మాయిది. నేనే లాగేసుకున్నాను," అంది వీరవేణి. నాగదుర్గని దగ్గరికి పిలిచింది. "నీకు రాదని కాదమ్మా ఆపింది. నా మార్కులు పోతాయేమోనని భయపడ్డాను."

నాగదుర్గ ఆశ్చర్యంగా చూసింది. "మీకూ భయమేత్తాదా అక్కా?"

"వేస్తుంది. ఆ రోజు వేసింది."

మర్నాడు మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఆ రోజు చదవాల్సింది వేరే పిల్ల అని చెప్పింది. "ఇంత చిన్న విషయానికి ఎందుకమ్మా బాధపడతావు? రిపోర్టు వెళ్ళిపోయింది కూడా," అన్నారు మేడమ్.

ప్రాజెక్టు ముగిసినా వీరవేణి శనివారాలు బడికి వెళుతూనే ఉంది. ఇప్పుడు గడియారం వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. నాగదుర్గ మెల్లమెల్లగా గొంతు విప్పి చదువుతోంది. కానీ ఏదైనా మాట దగ్గర ఆగినప్పుడల్లా కళ్ళు పుస్తకంలోంచి పైకి లేస్తాయి. కూర్చోమంటుందేమోనని అక్క మొహంలోకి చూస్తుంది.

పిల్ల కళ్ళు మళ్ళీ అక్షరాల మీదికి దిగేదాకా, వీరవేణి ఆ చూపుని భరిస్తూ కూర్చుంటుంది.