బీడీ కార్ఖానాలో వేలిముద్రల మిషను

ఇళ్లలో చుట్టిన బీడీలు తెచ్చి అప్పజెప్పే ఆడవాళ్లను వేలిముద్రతో గుర్తించాలని, నేను గుమాస్తాగా ఉన్న నిజామాబాద్ బీడీ కార్ఖానాలో సేటు ఒక కంప్యూటర్ పద్ధతి పెట్టాడు. మొదలుపెట్టే ముందు వారం రోజులు వాళ్ల వేళ్లతోనే పరీక్షించి చూద్దామని రాసిచ్చాను. సేటు నా కాగితం పక్కకు నెట్టి పంచాంగం తెరిచాడు.

"బేస్తారం దాటితే మూఢాలు. ఆఫీసోళ్ల ఏళ్లతోని సూడుండ్రి, సాలు."

ఆఫీసు వేళ్లు కాగితాలు తిప్పే వేళ్లు. అన్నీ పాసయ్యాయి.

గురువారం మిషనుకు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. వరుసలో ముందున్న, మాక్లూర్ ఊరి నుంచి వచ్చే అక్క బీడీల చాట కింద పెట్టి వేలు ఆనించింది. ఎర్రలైటు వెలిగింది. పది వేళ్లూ ఆనించినా అంతే. చిన్నప్పటి నుంచి ఆకు చుట్టి చుట్టి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి.

"మొగడు సచ్చినామెను ముందట నిలవెట్టింది ఎవడ్రా?" అని సేటు అరిచాడు.

"నా మొగడు మిషన్ల గూసున్నడా సేటూ?" అన్నది అక్క. అందరూ నవ్వారు.

"గీమె బీడీలు తీసుకోకుండ్రి," అన్నాడు సేటు.

తర్వాత ముత్తయిదువలు వచ్చారు. మిషను వాళ్ల వేళ్లనూ ఒప్పుకోలేదు. నేను అడిగిన పరీక్ష అందరి ముందూ జరిగిపోయింది. అయినా సేటు పాత రిజిస్టరు తెప్పించి వాళ్ల బీడీలు మాత్రమే తీసుకున్నాడు. అక్క నిండు చాటతో బస్టాండుకు నడిచింది.

ఆమెను వదిలేసి మిగతా అందరి పేర్లూ రాసింది నేనే.