వార్డులో మాట ఆపని మా శాంతమ్మ అవ్వ

శాంతమ్మ అవ్వ పోయింది.

ఈ ముక్క టైప్ చేసి చాలాసేపయింది. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

నిన్న పొద్దున నర్సంపేట నుంచి బస్సులో వస్తున్నా. ఆయాసమని అవ్వను చేర్పించిన దవాఖాన నుంచి సిస్టర్ ఫోన్. "అక్కా, మీ అవ్వ ఇగ లేదు. జర జల్దీ రా."

మొన్న సాయంత్రమే కదా, ఇడ్లీలోకి చట్నీ తేలేదని వార్డందరి ముందు నన్ను దులిపేసింది!

దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. జీవితమంతా ఎవరెవరి పక్కనో కూర్చున్న మనిషి. తన పక్కన ఎవరూ లేకుండానే పోయిందా?

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. అవ్వ నాకు చుట్టం కాదు. వరంగల్‌లో మా పక్క పోర్షన్. తొంభై దాటిన మనిషి. రెండు కళ్లూ కనిపించవు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. దవాఖానలో ఎవరూ లేని పేషెంట్ ఉన్నారని తెలిస్తే చాలు, వెళ్లి పక్కన కూర్చోవడమే ఆమె పని. అది ఉద్యోగమేం కాదు. ఎవరూ రమ్మనలేదు కూడా.

కూర్చుంటే ఊరికే కూర్చోదు. మాట్లాడుతూనే ఉంటుంది. డాక్టర్లు సైలెన్స్, సైలెన్స్ అని మొత్తుకున్నా వినదు.

ఎందుకో నాకు ఒకసారి చెప్పింది.

1940లు. నిజాం జమానా. వాళ్లది మగ్గం నేసే ఇల్లు. అవ్వకు పన్నెండు పదమూడేళ్లప్పుడు మశూచి వచ్చింది. అప్పట్లో దాన్ని రోగం అనేవాళ్లు కాదట, ఇంటికి తల్లి వచ్చింది అనేవాళ్లు. గుమ్మానికి వేపమండలు కట్టారు. పొయ్యి మీద పోపు వేయలేదు. చప్పుడైతే తల్లికి కోపం వస్తుందని ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదు.

వాళ్ల నాయన మగ్గం కూడా ఆపేశాడు.

పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులో పెరిగిన పిల్ల. మగ్గం ఆడుతోందంటే నాయన ఇంట్లో ఉన్నట్టు. ఇప్పుడు కళ్లు వాచి మూసుకుపోయాయి. మగ్గం లేదు. మాట లేదు.

"అందరు నన్ను ఇడిచిపెట్టి పోయిండ్రనుకున్న బిడ్డా. పిలుద్దామంటే గొంతు లేస్తలేదు. గా చీకట్ల నేనొక్కదాన్నే."

నాయన ఎక్కడికీ పోలేదు. అన్ని రోజులూ గడప అవతలే కూర్చున్నాడు, నోరు తెరవడానికి భయపడి. ఆ సంగతి ఆమెకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి ప్రాణం దక్కింది, చూపు పోయింది.

పుండ్లు మానకపోతే మిషన్ దవాఖానలో చేర్పించారు. అక్కడ మరియమ్మ అని ఒక నర్సు. రోజూ మంచం పక్కన కూర్చుని "నేనీడనే ఉన్న" అనేదట. ప్రార్థన చేసేదట, ముచ్చట్లు చెప్పేదట. ఆమె చెయ్యి పట్టుకునే అవ్వ చర్చికి వెళ్లింది. యేసయ్యను నమ్ముకుంది. నమ్ముకున్నా సరే, నా కళ్లెందుకు తీసుకున్నావని దేవుడితో రోజూ తగువే! జవాబు మాత్రం రాలేదు.

ఒకరోజు వార్డులోకి ఓ చిన్న పిల్లను తెచ్చారు. అదే మశూచి, అలాగే మూసుకుపోయిన కళ్లు. ఒకటే ఏడుపు. అవ్వ మంచాలు తడుముకుంటూ వెళ్లి పక్కన కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియక, వాళ్ల నాయన నేసే చీరల రంగులు చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఏడుపు ఆపి "ఇంకా?" అందట.

"గప్పుడు సమజైందే నాకు. దేవుడు గూడ మా నాయిన లెక్కనే. సప్పుడు జెయ్యడు, గని గడప ఇడిచిపోడు. లోపటున్నోల్లకు గది ఎర్కుండదు గద! అందుకే ఆయన తరఫున సప్పుడు నేను జేస్త."

అని పకపకా నవ్వింది. నాకేమో ఏడుపొచ్చింది.

నేను చర్చికి వెళ్లేదాన్ని కాదు. కానీ ఆ చప్పుడు విలువేంటో నాకు తెలుసు.

మా ఆయన పోయినప్పుడు మొదట్లో ఇల్లంతా జనమే. దినాలు అయిపోగానే ఎవరి దారి వాళ్లది. గోడలు చూస్తూ పడుకునేదాన్ని.

అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి మా వంటింట్లో చతికిలబడింది. టమాటాల ధర అంది, పక్క సందులో పెళ్లంది, కరెంటు పోతోందంది. నాకు ఒళ్లు మండిపోయింది. "జర ఊకోరాదే అవ్వా!" అని అరిచాను.

"ఊకోను. నువ్వు తిట్టు. మంచిగ తిట్టు. ఇంట్ల సప్పుడుండాలె."

తిట్టాను. తర్వాత ఏడ్చాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. అప్పటి నుంచి రోజూ ఒకే పొయ్యి.

నిన్న నేను వెళ్లేసరికి అవ్వను తన మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. పక్క మంచం ఆమె నన్ను చూసి లేచి కూర్చుంది. నెక్కొండ దిక్కు నుంచి వచ్చిన కూలీ మనిషి. వెంట ఎవరూ లేరు.

"నేను ఏడుస్తాంటె నా పక్కకచ్చి కూసున్నదమ్మా. నా చెయ్యి వట్టుకొని ముచ్చట జెప్పుకుంట జెప్పుకుంట నా మంచం మీదికే ఒరిగింది. సిస్టర్‌ను పిలిచిన. ఆమె డాక్టర్ కోసం ఉరికింది. అవ్వకు ఊపిరాడుతాంది గని మాట వడిపోయింది. నాకేం జెయ్యాల్నో తెల్వలే. అందుకే నేను మాట్లాడిన."

ఏం మాట్లాడావమ్మా అని అడిగాను.

"నాకేం ఎరుకమ్మా! మా కోళ్ల ముచ్చట. మా పత్తిచేను ముచ్చట. ఊపిరి ఆగేదాంక ఆపలే."

ఆమె చేతులు పట్టుకుని ఆ మంచం పక్కనే కూర్చున్నాను.

ఈరోజు పొద్దున భూస్థాపన అయింది. ఇంటికొచ్చి టీవీ పెట్టాను, కట్టేశాను. ఇద్దరికి సరిపడా అన్నం వండేశాను, అలవాటులో. తినబుద్ధి కాలేదు.

రేపు ఆ నెక్కొండ ఆమెకు ఆపరేషనట. నేను పోతున్నా. నాకు ముచ్చట్లు చెప్పడం రాదు. అయినా పోతున్నా.

పోయిరా అవ్వా. నువ్వు నమ్ముకున్న ఆయన దగ్గర చల్లగా, నిమ్మళంగా ఉండు.