అమ్మ ముక్కు, బోటు కటౌట్

బోటు డ్రైవర్లతో నేను పడ్డ గొడవలన్నీ ఒక్క మాట దగ్గరే. డైరెక్ట్ ఇచ్చెయ్యన్నా, అనేవాళ్లు. అంటే డైనమోకు కాపలా ఉండే కటౌట్‌ను తప్పించి, ఇంజన్ ఎంత తిరిగితే అంత కరెంటు బ్యాటరీలోకి వదలమని. కటౌట్ అంటే సినిమా హాలు ముందు నిలబెట్టేది కాదు. బ్యాటరీ నిండాక ఇక చాలని డైనమోను అదుపు చేసే అరచేతంత డబ్బా. దాన్ని తీసేస్తే నాలుగు రోజులు లైట్లు ధగధగలాడతాయి. తర్వాత నీళ్లన్నీ ఉడికిపోయి బ్యాటరీ ఎండిపోతుంది, నడిసముద్రంలో వైర్‌లెస్ మూగబోతుంది. ఎంత చెప్పినా వాళ్ల చెవికెక్కేది కాదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అమ్మ ముక్కు అంతకన్నా పనికొచ్చేది.

మాది ఇందుకూరుపేట దగ్గర ఉప్పుకాలువ గట్టున ఇల్లు. ముందు గది నా బ్యాటరీ రిపేరు షాపు, వెనక మెట్ల దగ్గర బోట్లు ఆగేవి. ఇంజన్ నడుస్తుండగా నేను బోటులో దిగి కటౌట్ స్క్రూ తిప్పుతుంటే, అమ్మ వెనక మెట్టు మీద బియ్యం ఏరుతూ కూర్చునేది. నా మీటరు పద్నాలుగుంబావు వోల్టులు చూపించి సరే అన్నా, అమ్మ కూడా సరే అనాలి. బ్యాటరీ హద్దు దాటి ఉడకడం మొదలైతే ముక్కును పొడిచే పులుపు వాసన వస్తుంది. ముదిరితే మురిగిన కోడిగుడ్డు కంపు. ఆ తొలి పులుపు మాకెవరికీ తెలియకముందే అమ్మకు తెలిసేది. తగ్గించమనేది. ఎండాకాలం ఇంకాస్త తగ్గించమనేది. ఎండలకు మనం తక్కువ తిన్నట్టే దానికీ తక్కువ పెట్టాలట. ఆ సంగతే తర్వాత కటౌట్‌తో వచ్చిన కాగితంలో చదివి నోరు వెళ్లబెట్టాను.

నా మీటరుతో వాదించే డ్రైవర్లు అమ్మకు ఎదురు చెప్పేవాళ్లు కాదు. పెద్దమ్మా, బయల్దేరమంటావా అని అడిగి మరీ తాడు విప్పేవాళ్లు. అమ్మకు అదంటే ఎంత గర్వమో నాకు తెలుసు. ఇప్పుడొచ్చే బ్యాటరీలకు తీసి చూడడానికి మూతలుండవు, కటౌట్ డైనమో లోపలే ఉంటుంది, తిప్పడానికి స్క్రూ కూడా లేదు. అమ్మ పోయి రెండేళ్లయింది. పని సులువైంది గానీ నాకు రుచించడం లేదు.

కరోనా రోజుల్లో అమ్మ మంచాన పడి లేచింది. లేచాక వాసన తెలియడం లేదన్న మాట ఎవరికీ చెప్పలేదు. రంజాను గంజి అడుగంటింది, పలావులో ఉల్లిపాయలు మాడాయి. నీరసం వల్లేమో అనుకున్నాను. ఒకరోజు ఒక బోటు కటౌట్ పాడై బ్యాటరీలు కుతకుతలాడాయి. ఆ ఘాటుకు నా కళ్లు మండాయి. నాలుగడుగుల దూరంలో అమ్మ బియ్యం ఏరుతూనే ఉంది. ఎట్టుందమ్మా అని అడిగితే, బాగుంది వదిలెయ్ అంది.

ఏదో సాకు చెప్పి ఇంజన్ ఆపించి కటౌట్ మార్చాను. అప్పట్నుంచి ముందే స్క్రూ సరిచేసుకుని, ఆ తర్వాతే అమ్మను అడిగేవాణ్ణి. ఆమె బాగుందనేది, డ్రైవర్లు వెళ్లిపోయేవాళ్లు. చాలా తెలివిగా నెట్టుకొస్తున్నానని మురిసిపోయాను.

నెల తిరక్కుండానే అమ్మ మెట్టు మీదికి రావడం మానేసింది. చేట తీసుకుని వంటింట్లో కూర్చుంది. ఎందుకు రావడం లేదని అడిగితే తలెత్తకుండా చెప్పింది.

"నువ్వు సరిచేసినాకనే నన్ను అడగతా ఉండావు. ముక్కు పోయింది గానీ కళ్లు పోలేదు రా నాకు."

అమ్మ పరువు నిలబెడుతున్నాననుకుంటూ నేనే తీసేశాను.

ఆ తర్వాత నేను చేసిన పని ఏ డ్రైవరైనా చేసుంటే చెడామడా తిట్టేవాణ్ణి. బోటు వచ్చిన ప్రతిసారీ అంతా సరిపెట్టాక, స్క్రూ కావాలనే ఒక చుట్టు పెంచేవాణ్ణి. బ్యాటరీ బుడగలు కక్కుతుంటే వంటింటి కిటికీ వైపు చూస్తూ నిలబడేవాణ్ణి. ఏ మాటా వినిపించేది కాదు. మళ్లీ తగ్గించి, తరిగిన మేరకు డిస్టిల్ వాటర్ పోసి పంపేవాణ్ణి. మాకు వద్దని చెప్పి నువ్వే ఉడకబెడతావేందన్నా అని ఒక డ్రైవర్ నిలదీశాడు. టెస్టింగ్ అన్నాను. అబద్ధమేమీ కాదు.

వాన వెలిసిన ఒక పొద్దున, ఆ డ్రైవర్ బోటులోనే ఉన్నాను. స్క్రూ పెంచి కిటికీ వైపు చూశాను.

"రేయ్, ఉడికిపోతా ఉండాది. తగ్గించు" అని లోపల్నుంచి వినిపించింది.

చేయి స్క్రూ మీదే ఉన్నా తిప్పబుద్ధి కాలేదు. ఏడుపొచ్చేసింది. చెవుడా నీకు అంటూ అమ్మ చేటతో సహా బయటికొచ్చింది. వచ్చి, మెట్టు మీద టక్కున ఆగిపోయింది. తనేమన్నదో అప్పుడే తనకు తెలిసినట్టుంది. ఒకసారి ముక్కు ఎగబీల్చింది. ఇంకోసారి ఎగబీల్చింది. తర్వాత మెల్లగా తన చోట కూర్చుంది.

పెద్దమ్మా, బయల్దేరమంటావా అని డ్రైవర్ అడిగాడు.

"ఉండు నాయనా. ఇంకా తగ్గించాల" అంది అమ్మ.